మందు ఎక్కడికి పోతుంది? రేచల్ కార్సన్ జీవితం



లింగాల మండలంలో చీనీ తోట, అరటి తోట ఉన్న కుటుంబాలకు పురుగుమందు కొత్త వస్తువు కాదు. పూతకు ఒకటి, పిందెకు ఒకటి, మంగునల్లికి ఒకటి అంటూ ఏడాదికి ఎన్నోసార్లు మందు కొట్టవలసి వస్తుంది. డబ్బా కొనేటప్పుడు మనం అడిగేది ఒక్కటే: పురుగు చస్తుందా? పురుగు చచ్చిన తరువాత ఆ మందు ఎక్కడికి పోతుంది అని అడిగేవారు తక్కువ. ఆ రెండవ ప్రశ్న అడిగినందుకు నిందలు మోసిన ఒక మహిళ జీవితాన్ని ఈ వారం మీకు చెప్పదలచాను. ఆమె పేరు రేచల్ కార్సన్. ఆమె కతోలిక శ్రీసభకు చెందినవారు కాదు, ప్రెస్బిటేరియన్ కుటుంబంలో పుట్టినవారు. అయినా సర్వేశ్వరుని సృష్టి పట్ల ఆమె చూపిన శ్రద్ధ మనకు ఆదర్శం.

రేచల్ 1907 మే 27న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరిలో జన్మించారు. చెట్టును, పిట్టను గమనించడం తల్లి దగ్గరే నేర్చుకున్నారు. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పొందారు. 1935లో తండ్రి మరణించగా ఇంటి బరువు ఆమె మీద పడింది. 1937లో అక్క చనిపోతే ఆమె ఇద్దరు కూతుళ్లను రేచల్, ఆమె తల్లి పెంచారు. 1957లో ఆ పిల్లల్లో ఒకరు కూడా కన్నుమూయగా, అయిదేళ్ల కొడుకును రేచలే దత్తత తీసుకున్నారు. వివాహం చేసుకోలేదు. ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూ, సముద్రాన్ని గురించి 1951లో వెలువరించిన గ్రంథంతో పేరు పొంది, మరుసటి ఏడాది ఉద్యోగం మానుకున్నారు.

ఆ రోజుల్లో డి.డి.టి. అంటే అద్భుతమైన మందు. టైఫస్ జ్వరాన్ని మోసే పేలను, మలేరియా దోమలను చంపి అది ఎందరి ప్రాణాలనో నిలిపింది. దాని గుణాన్ని కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది. ఆ మంచిని మనం కాదనకూడదు. అయితే యుద్ధం ముగిశాక విమానాలతో పొలాల మీద, అడవుల మీద, ఊళ్ల మీద దాన్ని చల్లసాగారు. 1958లో మసాచుసెట్స్ నుండి ఒక స్నేహితురాలు, దోమల కోసం మందు చల్లాక తమ చోట పక్షులు చనిపోయాయని రాశారు. దానితో రేచల్ ఆ విషయం మీద పరిశోధనకు పూనుకున్నారు. నాలుగేళ్లు పట్టింది.

ఆమె చేసిన పని మనకు అర్థం కానిదేమీ కాదు. మందు వెంట నడిచారు, అంతే. మిచిగన్‌లో ఎల్మ్ చెట్ల తెగులు ఆపడానికి డి.డి.టి. కొట్టారు. ఆకులు రాలాయి. వానపాములు ఆ ఆకులను తిన్నాయి. రాబిన్ పిట్టలు ఆ వానపాములను తిని చచ్చిపోయాయి. పిట్ట మీద ఎవరూ మందు కొట్టలేదు. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ సరస్సులో చిన్న ఈగలను చంపడానికి డి.డి.టి.కి దగ్గరి మందునే, 5 కోట్ల పాళ్ల నీటికి ఒక్క పాలు చొప్పున కలిపారు. నీటి నాచులోకి, చేపలోకి, చేపను తినే గ్రీబ్ పక్షిలోకి చేరేసరికి, పక్షి కొవ్వులో పది లక్షల పాళ్లకు 1600 పాళ్లు తేలింది. అంటే 80,000 రెట్లు! కొంచెమే కదా అన్న మాట ఎంత మోసకరమో చూడండి.

మందు ప్రమాదాన్ని అంచనా వేయాలంటే అది ఎంత విషమో తెలిస్తే చాలదు. ఎన్నాళ్లు నిలుస్తుంది, నీటిలోనో గాలిలోనో ఎంతదూరం పోతుంది, ఎవరి ఒంట్లోకి చేరుతుంది, అంతకంటే తక్కువ హానితో పని జరిగే దారి ఉందా అనేవి కూడా చూడాలి. మందులన్నిటినీ నిషేధించాలని రేచల్ కోరలేదు. ఈ ప్రశ్నలు మందు చల్లకముందే అడగాలని కోరారు.

రాస్తుండగానే రొమ్ము క్యాన్సర్ బయటపడి, 1960లో శస్త్రచికిత్స జరిగింది. సొంత బాధతో రాసిందని విరోధులు అంటారేమోనని జబ్బును లోకానికి చెప్పలేదు. 1962 సెప్టెంబరులో ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే ఆమె గ్రంథం వెలువడింది. పక్షుల పాట లేని వసంతం అని దాని భావం. ఒక కంపెనీ ప్రచురణకర్తలను కోర్టుకు ఈడుస్తామని బెదిరించింది. పెళ్లికాని ఆడమనిషికి ఇదంతా ఎందుకని ఎగతాళి చేసినవారున్నారు. అధ్యక్షుడు కెన్నెడీ నియమించిన శాస్త్రవేత్తల సంఘం 1963 మేలో ఇచ్చిన నివేదిక ఆమె వాదాన్ని బలపరచింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. 1972లో అమెరికా డి.డి.టి.ని దాదాపు అన్ని వాడకాల నుండి తొలగించింది. మన దేశం 1989లో సేద్యంలో దాన్ని నిషేధించింది. దోమల నివారణకు మాత్రం ఆ తరువాత కూడా అనుమతించింది.

ఇది అమెరికా కథే కదా అనుకోవద్దు. రేచల్‌కు ఆ ఉత్తరం అందిన 1958లోనే, కేరళలో పారథియాన్ మందు ఒలికిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన పర్యవసానంగానే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మందుకు పురుగులు అలవాటుపడి మొండికేస్తాయని రేచల్ హెచ్చరించారు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలలో తెల్లదోమ అలాగే మొండికేసింది. కొట్టినకొద్దీ దోమ పెరిగింది, అప్పు పెరిగింది, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇంకో దారి కూడా మన తెలుగువారే చూపారు. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం వేపగింజల కషాయం వంటి పద్ధతులతో సాగుచేసి, 2004లో పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది.

పునీత తోమాసు అక్వినాసు బోధన ప్రకారం ముందుచూపు, జాగ్రత్త అనేవి వివేకమనే సుగుణంలో భాగాలు. 2015లో ఫ్రాన్సిస్ పోపు గారు తమ ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో పురుగుమందుల హానిని ప్రస్తావించారు. తీరని నష్టం జరిగే సూచన ఉన్నప్పుడు, నష్టం లేదని చూపవలసిన భారం ఆ పని తలపెట్టినవారిదేనని కూడా బోధించారు. నష్టపోయేవారు ముందు రుజువు తేవాలనడం న్యాయం కాదు. మన తోటల్లో మందుడబ్బా వీపున మోసే కూలీ ఏ రుజువు తేగలడు? తేనెటీగ ఏం తేగలదు?

కాబట్టి ఈసారి డబ్బా మీది త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చీనీ పూత మీద తేనెటీగలు తిరిగే వేళ మందు కొట్టవద్దు. కోతకు ముందు ఆగవలసిన రోజులు ఆగండి. స్ప్రేయర్‌ను బావి దగ్గర, కుంటలో, వంకలో కడగవద్దు. పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయం నీరు అందరిదీ. కూలికి వచ్చినవారికి చేతితొడుగులు, ముఖానికి అడ్డు, పని అయ్యాక స్నానానికి నీళ్లు ఇవ్వండి. అసలు ఈ మందు అవసరమా అని ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి అడగండి. ఆ మాట పిల్లల ముందే అడిగితే మరీ మంచిది.