అబ్రహాం లూయీ బ్రెగే

జూబిలీ హిల్సునుండి పాతబస్తీకి విహారయాత్రగా పోయినపుడు మన విద్యార్థులు సాలార్‌జంగు మ్యూజియములోని సంగీత గడియారము ముందు గుంపుగూడి, లోపలినుండి చిన్నబొమ్మ వచ్చి గంటలు కొట్టువరకు కదలరు. ఆ గడియారము పెద్దది. అంతకంటె సున్నితమైన పని జేబు గడియారములలో గలదు. ఆ పనిలో అగ్రగణ్యుడై, పరదేశమున బ్రతికిన యొకని చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

అబ్రహాం లూయీ బ్రెగే 1747వ సంవత్సరము జనవరి 10వ తేదీన, నేడు స్విట్జర్లాండులో జేరిన న్యూషాటెల్ పట్టణమున జన్మించెను. ఆయన పూర్వులు ఫ్రాన్సుదేశపు ప్రొటెస్టంటులు. 1685లో పదునాలుగవ లూయీరాజు వారికిగల మతస్వేచ్ఛను రద్దుచేయగా, వేలకొలది పనివారు ఇల్లువాకిళ్లు విడిచి జెనీవాకును లండనునకును పోయిరి. వారి చేతిపనియు వారితోనే పోయెను.

పదునొకండవ యేట తండ్రి గతించెను. తల్లి గడియారపు పనివారి కుటుంబములోని వానిని మరల వివాహమాడెను. మారుతండ్రి పని నేర్పబోగా బాలునికి మొదట రుచింపలేదట! 1762లో పదునైదేండ్ల ప్రాయమున ఫ్రాన్సునకు పోయి వెర్సాయిలో శిష్యుడుగా జేరెను. పగలు పనిబల్ల, సాయంకాలము మజరీను కళాశాలలో గణితము. అంతలో తల్లియు మారుతండ్రియు మరణింపగా చెల్లెలి పోషణభారము మీదబడెను. అయినను గణితము మానలేదు. లెక్కలనిన విసుగుకొను పిల్లలు ఈ మాట మరియొకసారి చదువుదురుగాక.

1775లో పారిసులో స్వంత దుకాణము పెట్టెను. కీ ఇయ్యనక్కరలేకుండ, ధరించినవాని నడకచేతనే నడచు గడియారమును 1780 ప్రాంతమున తయారుచేసెను. ఈ యూహ ఇతరులకును తట్టినదే; నమ్మదగిన వస్తువుగా తీర్చినవాడు బ్రెగే.

1783లో మేరీ ఆంటోనెట్ రాణికొరకు గడియారమొకటి చేయుమని ఉత్తరువు వచ్చెను. ధరకు మితిలేదు, గడువు లేదు. నాటికి తెలిసిన వింతలన్నియు నందుండవలెను. పని ముగియకమునుపే విప్లవము చెలరేగెను. 1793 ఆగస్టులో బ్రెగే పారిసును విడిచి స్వదేశమునకు తప్పించుకొని పోయెను. అక్టోబరులో రాణి శిరచ్ఛేదము జరిగెను. రెండేండ్లకు తిరిగివచ్చి, చెదరిన పనిశాలను నలువదెనిమిదేండ్ల వయసున మరల కూర్చుకొనెను.

జేబులో గడియారము నిలువుగా నుండును గదా. అందుచే భూమ్యాకర్షణము లోపల అటునిటు ఊగు చక్రమును ఎప్పుడును ఒకే వైపునకు లాగి కాలమును తప్పించును. బ్రెగే ఆ చక్రమును చిన్న పంజరములో నుంచి, పంజరమునే గుండ్రముగా త్రిప్పెను. ఒక దిక్కున కలిగిన తప్పు ఎదుటి దిక్కున సరిపడును. టూర్బియోన్, అనగా సుడిగాలి, అను ఈ యేర్పాటునకు 1801లో పేటెంటు లభించెను.

మాకీయన చరిత్రలో మిక్కిలి ప్రియమైన సంగతి వేరు. లండనులోని జాన్ ఆర్నాల్డు ఆయనతో సమానుడైన పనివాడు. ఇరువురును అసూయపడుటకు మారుగా ఒకరి కుమారుని మరియొకరియొద్ద పని నేర్చుకొనుటకు పంపిరి. ఆర్నాల్డు 1799లో మృతినొందెను. 1808లో ఫ్రాన్సునకును ఇంగ్లాండునకును యుద్ధము జరుగుచుండగా, బ్రెగే తన మొదటి టూర్బియోనును ఆర్నాల్డు చేసిన గడియారములోనే అమర్చి, మిత్రుని స్మృతిని దానిపై చెక్కించి, ఆయన కుమారునికి కానుకగా నిచ్చెను. అది నేడు బ్రిటిష్ మ్యూజియములో నున్నది.

బ్రెగే 1823 సెప్టెంబరు 17వ తేదీన మరణించెను. రాణి గడియారము అప్పటికిని పూర్తికాలేదు. 1827లో ఆయన పనిశాలవారు దానిని ముగించిరి. 1983లో యెరూషలేములోని యొక మ్యూజియమునుండి అది అపహరింపబడెను. అది దొరికినదను వార్త 2007లో వెలువడెను.