కేరీ గారి తోట

విలియం కేరీ గారి పేరు వినగానే మన సంఘాల్లో చాలామందికి బైబిలు తర్జుమాలే గుర్తుకొస్తాయి. సెమినరీలో మేము చదువుకున్నదీ అంతే. చెప్పులు కుట్టే యువకుడు, 1793లో కలకత్తాలో దిగిన మిషనరీ, శ్రీరాంపూర్ ముద్రణాలయం, ఎన్నో భాషల్లో లేఖనాలు. ఆయన తోట గురించి మాకు ఎవరూ చెప్పలేదు. తూర్పు కనుమల అడవుల్లోనూ పెరిగే కుంభి చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కేరియా ఆర్బోరియా అనీ, ఆ కేరియా మన కేరీ గారి పేరేననీ తెలిసేసరికి మాకు తల నెరిసింది.

ఆ పేరు పెట్టినవారు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తాలోని కంపెనీ తోటకు వెళ్లకముందు ఆయన మన సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కల మీద పరిశోధన చేశారు. కేరీ గారికి ఆయన స్నేహితులు. రాక్స్‌బర్గ్ ఇంగ్లండుకు వెళ్లిపోయాక, ఆ తోటలోని మొక్కల పట్టికను 1814లో శ్రీరాంపూర్‌లో అచ్చువేసింది కేరీ గారే. స్నేహితుడు చనిపోయాక ఆయన వ్రాతప్రతిని సరిచూసి, ఫ్లోరా ఇండికా అనే పేరుతో 1820లో మొదటి సంపుటం, 1824లో రెండవది వెలువరించారు. అదే ముద్రణాలయం, అదే మనిషి. ఒక బల్ల మీద సువార్తల ప్రూఫులు, మరో బల్ల మీద మొక్కల వర్ణనలు!

ఈ ఆసక్తి ఇండియాలో పుట్టింది కాదు. 1761లో నార్తాంప్టన్‌షైరులోని పాలర్స్‌పురీ అనే పల్లెలో పుట్టిన ఆ పిల్లవాడు పురుగుల్ని, పక్షుల్ని, మొక్కల్ని తెచ్చి తన గది నింపుకొనేవాడు. ఎండ తగిలితే చర్మం మంటలెత్తే జబ్బు ఉండడం వల్ల పొలం పనికి పనికిరాడని, నీడన కూర్చునే చెప్పుల పనిలో పెట్టారు. (అలాంటివాడు బెంగాలు ఎండలో నలభై ఏళ్లు బతికాడు.) యజమాని దగ్గరున్న ఒక వ్యాఖ్యాన గ్రంథంలో గ్రీకు మాటలు కనబడితే, ఊరి నేతగాణ్ణి అడిగి అర్థం తెలుసుకున్నాడు. తర్వాత లాటిన్, హీబ్రూ, డచ్చి, ఫ్రెంచి కూడా నేర్చాడు.

ఇంత విస్తృతిలో తెలుగుకూ చోటు దొరికింది. 1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ ముద్రణాలయం తగలబడింది. కాగితం, అచ్చు అక్షరాలు, ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి, వాటితో పాటు తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కాలిపోయాయి. కలకత్తాలో ఉన్న కేరీ గారికి మరునాడు కబురు అందింది. బూడిదలో దొరికిన లోహాన్ని కరిగించి పనివారు మళ్లీ అక్షరాలు పోతపోశారు. కేరీ గారు మళ్లీ మొదటినుంచి రాశారు. 1814లో ఆ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో శ్రీరాంపూర్ తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది.

మేము ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్ని భాషలు ఒక్కడే చూడడం వల్ల ఆ తర్జుమాల్లో చాలా వాటికి లోపాలు మిగిలాయి. తెలుగులో ఆ పని తర్వాత ఇతరులు మళ్లీ చేయవలసి వచ్చింది. పైగా అది ఒక్కడి పని కూడా కాదు. బెంగాలీ, సంస్కృతాలలో మృత్యుంజయ విద్యాలంకార్ వంటి పండితులు, అక్షరాలు చెక్కిన పంచానన కర్మకార్ లేకపోతే శ్రీరాంపూర్ లేదు. మన ప్రసంగాల్లో వారి పేర్లు వినబడవు.

వినబడని పేరు మరొకటి ఉంది, డొరొతీ. ఇష్టం లేకుండానే భర్త వెంట ఓడ ఎక్కిన ఆ తల్లి, 1794లో అయిదేళ్ల కొడుకు పీటరును విరేచనాలతో పోగొట్టుకొని మతి చలించిపోయింది. 1807లో చనిపోయేదాకా కోలుకోలేదు. ఆమె ఒక గదిలో కేకలు వేస్తుంటే పక్క గదిలో తర్జుమా సాగింది. మగపిల్లల ఆలనాపాలనా చాలామటుకు మార్ష్‌మన్ గారి భార్య హన్నా మీద పడింది. కేరీ గారి చదువుల వెడల్పును మెచ్చుకున్నప్పుడల్లా ఆ ఇంటి లోపలి గది మాకు గుర్తొస్తుంది. దాన్ని దాటవేసి చెప్పిన జీవిత చరిత్రలు ఆయనకు గౌరవం తెస్తాయని మేము అనుకోము.

అయినా ఆయన చూపు పుస్తకాల దగ్గరే ఆగిపోలేదు. మొక్కకు రేకులు లెక్కపెట్టినట్టే చితుల్నీ లెక్కపెట్టించారు. 1803లో కలకత్తా చుట్టూ ముప్పై మైళ్ల లోపల 438 మంది వితంతువులు భర్తల చితి మీద కాలిపోయారని ఆ లెక్కలో తేలింది. సతీసహగమనాన్ని నిషేధించే శాసనం రావడానికి ఇంకా ఇరవై ఆరేళ్లు పట్టింది. 1829 డిసెంబరులో దాన్ని బెంగాలీలోకి మార్చమని ఒక ఆదివారం ఆయనకు కబురు వచ్చింది. ఆలస్యమైన ప్రతి గంటకూ ఒక ప్రాణం పోవచ్చునని, ప్రసంగం మరొకరికి అప్పగించి, పండితుణ్ణి పిలిపించుకుని సాయంత్రానికల్లా ముగించారు. ప్రసంగం మానుకున్న ఆ ఆదివారాన్ని మేము, పాస్టర్లం, మరీ తరచుగా తలచుకోవాలి.

1820లో ఆయన స్థాపించిన వ్యవసాయ, ఉద్యాన సంఘం రైతులకు మేలైన విత్తనాల కోసం, పండ్ల మొక్కల కోసం పనిచేసింది. 1823లో వరద వచ్చి శ్రీరాంపూర్‌లోని ఆయన తోటను ముంచేసింది. అరవై దాటిన వయసులో మళ్లీ నాటారు.

చివరి రోజుల్లో నడవలేకపోతే చక్రాల బండిలో తోటకు తీసుకెళ్లేవారు. అదీ కుదరనప్పుడు తోటమాలి మంచం దగ్గరకు వచ్చి ఏ మొక్క ఎలా ఉందో చెప్పిపోయేవాడు. తాను పోయాక మార్ష్‌మన్ ఆ తోటలోకి ఆవుల్ని తోలేస్తాడేమోనని ఆయనకు బెంగ. ఆ సంగతి విన్న మార్ష్‌మన్, తోట తనదే అన్నట్టు కాపాడతానని మాట ఇచ్చారు. 1834 జూన్ 9న కేరీ గారు కన్నుమూశారు.