దారిని చిత్రించిన దీన్‌దయాళ్

ప్రయాణమంటే గమ్యం చేరుటయే అని మనలో చాలామంది భావిస్తాము. దారిలోని గుట్టకు, చెరువుకు, శిథిల గోపురానికి కొంత సమయం మిగుల్చుకొనవలెనన్న తలంపు మనకు కలుగదు. ఆ తీరిక కొరకు సర్కారు కొలువునే వదలుకొన్న మహనీయుడు రాజా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ సమీపాన గల సర్ధనలో జైన కుటుంబమున జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరు మరామత్తు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. 1874 ప్రాంతమున కెమెరా చేపట్టారు. సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్‌లో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. వాటిలో 86 చిత్రాలు గ్రంథరూపమున వెలువడినవి.

ఆనాటి ఛాయాగ్రహణం నేటివలె సులభమైనది కాదు. చిత్రం ఎంత పెద్దదో గాజుపలక అంత పెద్దది కావలెను. బరువైన కెమెరాను, ముక్కాలిపీటను, పగులక కాపాడవలసిన పలకలను వెంట మోయించుకొని, అనుకూలమైన ఎండ కొరకు వేచి ఉండవలెను. కచేరీ పనుల నడుమ దొరకు ఘడియలు ఇందుకు చాలలేదు. అందుచేత దీన్‌దయాళ్ తన దృశ్యచిత్రాలను పూర్తిచేయుటకు రెండేండ్లు సెలవు తీసుకొన్నారు. పిమ్మట ఉద్యోగమునే విరమించారు. నెలజీతం నమ్ముకొన్న గృహస్థునకు అది చిన్న సాహసం కాదు.

ఆ సాహసం మన నగరానికి వరమైనది. 1886లో ఆయన సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా ఆదరించి, ముసవ్విర్ జంగ్ బిరుదుతో సత్కరించారు. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1892లో పరదా స్త్రీల కొరకు ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో ప్రత్యేక స్టూడియో వెలసినది. జైనుడైన కళాకారుడు, ముస్లిం ప్రభువు, ఆంగ్ల వనిత ఒకే కళకు తోడ్పడిన ఆ కాలం మనకు స్మరణీయం.

ఆయన 1905లో కన్నుమూశారు. మూడేండ్లకే, 1908 సెప్టెంబరులో, మన అంబర్‌పేట చెంత పారే మూసీ పొంగి నగరంలో వేలాది ఇండ్లను, ప్రాణాలను హరించినది. కనుల ముందున్నది కలకాలం ఉండదని ఆ వరద చాటినది. అందుకే ఆయన చిత్రాలు నేడు చరిత్రకు సాక్ష్యములైనవి. 2,857 గాజు నెగటివులను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించినది.

విద్యార్థి మిత్రులారా! విహారయాత్రకు వెళ్ళునప్పుడు ఒక గంట అదనంగా ఉంచుకొందాము. నేడు కెమెరా మన జేబులోనే ఉన్నది; కావలసినది ఆగి చూచు ఓపిక మాత్రమే.