యంత్రానికి ధారణ నేర్పిన మేధావి: జాన్ వాన్ న్యూమన్

మన తెలుగునాట అవధానులకు గల గౌరవం అందరికీ తెలిసినదే. వందమంది పృచ్ఛకులు వంద దిక్కుల నుండి సమస్యలు సంధించగా, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున పూరించుకుంటూ పోయి, తుదకు ఆ పద్యాలన్నింటినీ వరుస తప్పకుండా అప్పగించగలిగినవాడే శతావధాని. ఆ అప్పగింతకే ధారణ అని పేరు. ముషాయిరాలలో కాగితం ముక్క సహాయం లేకుండా గజలు వెనుక గజలు వినిపించే ఉర్దూ కవులనూ మనం ఎరుగుదుము. పూరణ ఎంత చమత్కారంగా సాగినా ధారణ లేనిదే అవధానం సంపూర్ణం కాదు. గణన యంత్రాల చరిత్రలో సైతం ఇదే సత్యం రుజువయినది. లెక్క కట్టు వేగం ఎంత ఉన్నను, జ్ఞాపకం లేని యంత్రం అరకొర యంత్రమే. ఈ సత్యాన్ని స్పష్టంగా గ్రహించి, యంత్ర స్మృతికి ఒక శాస్త్రీయ రూపం కల్పించిన మహామేధావి జాన్ వాన్ న్యూమన్. స్వయంగా అసాధారణ ధారణాశక్తి గల వ్యక్తికే ఈ కార్యం దక్కుట విశేషం.

వాన్ న్యూమన్ 1903 డిసెంబరు 28వ తేదీన హంగరీ రాజధాని బుడాపెస్టు నగరంలో ఒక సంపన్న యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి మిక్సా బ్యాంకు వ్యవహారాలలో పేరు గాంచినవారు. తల్లి మార్గిట్. ముగ్గురు సోదరులలో ఈయనే జ్యేష్ఠులు. 1913లో తండ్రికి ప్రభువంశ గౌరవం లభించగా, ఆ గౌరవ చిహ్నమే కాలక్రమాన పేరులోని వాన్ అను పదంగా స్థిరపడినది. ఇంటి గ్రంథాలయంలోని జర్మను ప్రపంచ చరిత్ర సంపుటాలను బాలుడు ఆసక్తితో చదివివేశాడు. టెలిఫోను డైరెక్టరీలో ఒక పుటను చూచి, అందలి పేర్లను, సంఖ్యలను తడుముకోకుండా ఒప్పజెప్పి అతిథులను ఆశ్చర్యపరచేవాడని కుటుంబ మిత్రులు చెప్పుకొనేవారు.

విద్యాభ్యాసం బుడాపెస్టులోని సుప్రసిద్ధ లూథరన్ పాఠశాలలో సాగినది. అచ్చటి గణితోపాధ్యాయులు లాస్లో రాట్జ్ ఈ విద్యార్థి ప్రతిభను తొలుతనే గుర్తించి ప్రత్యేక శిక్షణకు ఏర్పాటు చేశారు. పిమ్మట నోబెల్ బహుమానం పొందిన యూజీన్ విగ్నర్ అదే పాఠశాలలో ఒక తరగతి పై విద్యార్థి. 1920లో హంగరీ ప్రభుత్వం విశ్వవిద్యాలయాలలో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి విధించినది. అట్టి వాతావరణంలో కుమారుని భవిష్యత్తును గూర్చి ఆలోచించిన తండ్రి, గణితం అన్నం పెట్టదని భావించి రసాయన ఇంజనీరింగు చదువుమన్నారు. కుమారుడు తండ్రి మాట కాదనలేదు, తన కోరికనూ విడువలేదు. బెర్లిన్‌లోను, తరువాత జూరిచ్‌లోను రసాయనశాస్త్రం అభ్యసిస్తూనే, బుడాపెస్టు విశ్వవిద్యాలయంలో గణితానికి పేరు నమోదు చేయించుకొని, పరీక్షలకు మాత్రం హాజరగుచుండెడివారు. ఫలితంగా 1926లో ఒక చేత ఇంజనీరింగు పట్టా, మరొక చేత గణిత డాక్టరేటు అందుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండు సంవత్సరాలు మాత్రమే.

గటింగెన్‌లో హిల్బర్టు పండితుని సాన్నిధ్యంలో పరిశోధన సాగించి, క్వాంటం యాంత్రిక శాస్త్రానికి గణిత పునాదులు నిర్మిస్తూ 1932లో గ్రంథం వెలువరించారు. 1933లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఉన్నత విద్యా పరిశోధన సంస్థ తొలి ఆచార్యులలో ఒకరయ్యారు. ఆ ఏడే జర్మనీలో హిట్లరు ప్రభుత్వం యూదు ఆచార్యులను వెళ్ళగొట్టసాగినది. వాన్ న్యూమన్ అచ్చటి పదవులకు స్వస్తి చెప్పి, 1937లో అమెరికా పౌరసత్వం స్వీకరించారు. ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో ప్రకటించిన క్రీడా సిద్ధాంత గ్రంథం ఆర్థికశాస్త్ర ధోరణినే మార్చివేసినది. ఈ విజయాలలో ఏ ఒక్కటైనను ఒక జీవితానికి చాలును. అయితే సామాన్య మానవుని నిత్యజీవితాన్ని తాకిన ఆయన కృషి మరొకటి.

అది 1944వ సంవత్సరపు వేసవి. యుద్ధకార్యాలకై తిరుగుచున్న వాన్ న్యూమన్ అబర్డీన్ రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద బండి కొరకు వేచి ఉన్నారు. హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను యువ సైనికాధికారి సాహసించి పలుకరించాడు. మాటల మధ్య ఫిలడెల్ఫియాలో సెకనుకు వందలాది గుణకారాలు చేయగల ఎలక్ట్రానిక్ యంత్రం తయారగుచున్నదని తెలియగానే, ఆ కాలక్షేప సంభాషణ పరీక్షగా మారిపోయినది. ప్రశ్నల వర్షం కురిసినది. కొద్దికాలానికే వాన్ న్యూమన్ ఆ యంత్రాన్ని స్వయంగా చూడబోయారు.

ఆ యంత్రమే ఎనియాక్. దాదాపు పదునెనిమిది వేల శూన్యనాళికలు, ముప్పది టన్నుల బరువు, సెకనుకు ఐదువేల కూడికలు! అయినను దాని ఎలక్ట్రానిక్ స్మృతిలో నిలువగలిగినవి పది అంకెల సంఖ్యలు ఇరువది మాత్రమే. ఏ క్రమంలో లెక్క చేయవలెనో తెలుపు ఆదేశాలకు అందులో తావే లేదు. సమస్య మారినప్పుడల్లా తీగలను ఊడదీసి, మరల తగిలించి, మీటలు సరిచేయుటకు రోజులు పట్టేది. లెక్క నిమిషాలలో ముగియును, సన్నాహం మాత్రం రోజులు సాగును. శతాధిక పద్యాలు చెప్పగల కవికి రెండు పాదాలకు మించి గుర్తుండకపోయిన ఎట్లుండునో ఎనియాక్ స్థితి అట్లున్నది.

దీనికి పరిష్కారంగా రూపొందిన భావన వినుటకు సులభమే. ఆదేశాలను కూడ సంఖ్యలుగా మార్చి, లెక్కకు కావలసిన దత్తాంశాలతో పాటు ఒకే స్మృతికోశంలో ఉంచవలెను. స్మృతిలోని ప్రతి అరకు ఒక సంఖ్య, అనగా చిరునామా ఉండును. యంత్రం ఆ చిరునామాల ననుసరించి ఆదేశాన్ని తీసుకొని పాటించి, మరుసటి దానికి పోవును. కొత్త సమస్యకు తీగలు మార్చవలసిన పని లేదు. స్మృతిలోని సంఖ్యలను మార్చిన చాలును. గణనాంగం, నియంత్రణాంగం, స్మృతి, లోనికి గ్రహించు అంగం, వెలుపలికి అందించు అంగం అను విభజనతో వాన్ న్యూమన్ 1945 జూన్‌లో ఎడ్వాక్ అను నూతన యంత్రాన్ని గూర్చి ముసాయిదా నివేదిక రచించారు. ఆ ఏడే అదే యంత్రం కొరకు, దత్తాంశాలను క్రమంలో పేర్చు కార్యక్రమాన్ని కూడ స్వహస్తంతో వ్రాశారు. ఇంకను పుట్టని యంత్రానికి వ్రాసిన కార్యక్రమమది!

ఇచ్చట ఒక న్యాయమైన మాట చెప్పవలసియున్నది. ఆ నివేదికపై వాన్ న్యూమన్ పేరు ఒక్కటే ముద్రితమైనది. యంత్ర నిర్మాతలు ఎకర్ట్, మాక్లీ పేర్లు లేవు. స్మృతి కొరకు పాదరసపు గొట్టాలలో ధ్వని తరంగాలను తిప్పు పద్ధతి ఎకర్ట్ బుద్ధి ఫలం. సిద్ధాంత రీత్యా సర్వ గణనలకు చాలు యంత్రాన్ని 1936లోనే అలాన్ ట్యూరింగ్ ఊహించియున్నారు. ముసాయిదాను పంచిపెట్టినది గోల్డ్‌స్టైన్. కాని ఆ కీర్తి అంతయు ఒక్కరికే చెందినట్లు లోకం భావించగా, నిర్మాతల మనస్సులు జీవితాంతం గాయపడియే ఉన్నవి. ఎంతటి గొప్ప ఆలోచనయైనను అనేకుల కృషి ఫలమని, తోటివారి పేరు మరచుట ధారణలోపం కాదు, ధర్మలోపమని ఈ ఉదంతం హెచ్చరించుచున్నది.

యుద్ధానంతరం వాన్ న్యూమన్ ప్రిన్స్‌టన్‌లో తన యంత్రాన్ని నిర్మింపబూనారు. బర్క్స్, గోల్డ్‌స్టైన్‌లతో కలిసి 1946లో వెలువరించిన నివేదికలో స్మృతిని గూర్చి మిక్కిలి లోతైన విచారణ గలదు. వేగవంతమైన స్మృతి ఖరీదైనది, కనుక చిన్నది. విశాలమైన స్మృతి చౌకది, కాని మందకొడిది. కావున స్మృతులను అంతస్తులుగా అమర్చవలెనని వారు తేల్చారు. మన కళాశాల గ్రంథాలయాన్నే తలచుకొనుడు. చదువరి ఎదుట బల్లమీద నాలుగైదు పుస్తకాలకే చోటు, చేయి చాచిన అందును. బీరువాలో వేలాది పుస్తకాలు, తెచ్చుకొనుటకు లేచి పోవలెను. వివేకి అయిన విద్యార్థి ఆనాటి పనికి కావలసినవి ముందుగా బల్లమీదికి తెచ్చుకొనును.

సుమారు నాలుగువేల పదాల స్మృతిని వారు ఆశించారు. తగిన నాళికలు సకాలంలో అందకపోవుటతో, 40 కాథోడ్ కిరణ నాళికలతో 1024 పదాలకు సరిపెట్టుకొనవలసివచ్చినది. పదానికి 40 ద్వ్యంకాలు. నేటి లెక్కలో మొత్తం ఐదు కిలోబైట్లు. నాళిక తెరమీది విద్యుదావేశపు చుక్కలే జ్ఞాపకాలు. అవి క్షణంలో మాసిపోవును గనుక, యంత్రం వాటిని ఎడతెగక తిరగవ్రాయుచుండవలెను. ఇంజనీరు జూలియన్ బిగెలో బృందం ఓర్పుతో శ్రమించగా, 1952 జూన్ 10న ఆ యంత్రం లోకానికి అంకితమైనది.

నేటి కంప్యూటర్లలో ప్రధాన స్మృతియందే ఫైళ్ళను నిలుపు ఏర్పాటు ఒకటి గలదు. కార్యక్రమాలు తాత్కాలికంగా సృష్టించు ఫైళ్ళను డిస్కుపై వ్రాసి మరల చదువుట కాలహరణం. అందుచేత ఫైలు పేరును చిరునామాతో జతపరచు పట్టికను, ఫైలులోని విషయాన్ని సమాన పరిమాణం గల పుటలుగా విభజించి స్మృతిలోనే ఉంచెదరు. ఫైలును తొలగించగానే పుటలు ఇతరుల వాడుకకు విడుదలగును. ఈ ఏర్పాటును రూపొందించువాడు రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పవలెను. ఫైళ్ళు స్థలమంతయు ఆక్రమించిన కార్యక్రమాలకు చోటెక్కడ? విద్యుత్తు ఆగిన క్షణాన సర్వం మాసిపోవును గదా, మరి దేనిని డిస్కుపై భద్రపరచవలెను? లినక్స్ వ్యవస్థ సామాన్యంగా ప్రధాన స్మృతిలో సగానికి మించకుండ ఇట్టి ఫైళ్ళకు హద్దు విధించును. చోటు చాలనప్పుడు పుటలను డిస్కుకు తరలించును. బల్లకు, బీరువాకు మధ్య 1946లో జరిగిన విచారణకు ఇది కొనసాగింపు. ఆదేశమును, దత్తాంశమును ఒకే కోశంలో నిలుచుటచేతనే కార్యక్రమం కూడ ఒక ఫైలు కాగలిగినది.

ప్రిన్స్‌టన్ యంత్రపు నమూనాలు అమెరికాలోను, స్వీడన్, ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా దేశాలలోను వెలిసినవి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1960లో పనికి దిగిన టిఫ్రాక్ యంత్రంలోను 40 ద్వ్యంకాల పదమే. దాని స్మృతి 2048 పదాలు. 1967లో స్థాపితమైన మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1970వ దశకంలో టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లను తయారుచేసినది. వాటన్నింటిలోను స్మృతిలోనే ఆదేశాలు నిలుచుట సామాన్య ధర్మం.

అయితే ఈ మహనీయుని జీవితంలో చీకటి కోణం లేకపోలేదు. అణుబాంబు నిర్మాణంలో ఆయన పాత్ర కీలకమైనది. యుద్ధానంతరం హైడ్రోజన్ బాంబు లెక్కలకు సైతం ఈ యంత్రాలే ఉపయోగపడినవి. అవే యంత్రాలతో వాతావరణ సూచనకు గణితమార్గం చూపినదీ ఆయన ప్రోత్సాహమే. 1950లో ఎనియాక్‌పై ఒక దినపు వాతావరణం లెక్కించుటకు ఇంచుమించు ఒక దినమే పట్టినది. జ్ఞానం ఒక్కటే, దాని వినియోగాలు రెండు.

1955లో ఆయనకు క్యాన్సరు వ్యాధి సోకినట్లు తెలిసినది. దేశ రహస్యాలు అపస్మారకంలో బయటపడునేమోనని ఆసుపత్రి గదిలో సైనిక సిబ్బందిని నియమించారు. సోదరుడు మంచం పక్కన గేటే మహాకవి ఫౌస్టు కావ్యం చదువుచుండగా, పుట తిప్పులోపలనే తరువాతి పాదాలను రోగి అందుకొనేవారట. కాని బుద్ధి సన్నగిల్లుచున్నదని గ్రహించి, ఏడును నాలుగును కూడమను వంటి చిన్న లెక్కలు అడిగి తన్ను పరీక్షింపుమని కుమార్తెను కోరిన దినాలు కూడ వచ్చినవి. కంప్యూటరుకు, మెదడుకు గల పోలికలపై వ్రాయబూనిన ఉపన్యాసాలు అసంపూర్తిగానే మిగిలి, 1958లో గ్రంథరూపం దాల్చినవి. 1957 ఫిబ్రవరి 8న, యాభైమూడేళ్ళ వయస్సులో, ఆయన కన్నుమూశారు.

మాసిపోవు చుక్కను ఎడతెగక తిరగవ్రాయుచుండుటయే జ్ఞాపకం. యంత్రానికి ఆ పని విద్యుత్తు చేయును. మనిషికి అభ్యాసం చేయును. ఒక మనిషి గతించిన పిదప ఆ పని వెనుకటి తరం చేతిలో ఉండును. వాన్ న్యూమన్‌ను స్మరించునప్పుడు ఎకర్ట్, మాక్లీ, బిగెలోల పేర్లనూ తిరగవ్రాయుట విద్యార్థి లోకపు విధి.