క్లాడ్ మోనే: మంచు బొమ్మ పూర్తయినట్టు ఎలా తెలుస్తుంది? జీవితాంతం ఆ లెక్క తేల్చుకోలేకపోయిన చిత్రకారుడు

గడ్డకట్టే చలి.. ఒంటి మీద మూడు ఓవర్‌కోట్లు, చేతులకు గ్లౌజులు, కాళ్ల దగ్గర చిన్న కుంపటి. ఎదురుగా ఈజిల్, దాని మీద ఆయిల్ పెయింటింగ్. 1860ల చివర్లో ఫ్రాన్స్ నార్మండీ తీరంలో ఓ స్థానిక పత్రికా రచయితకు ఈ అవతారంలో కనిపించిన వ్యక్తి పేరు క్లాడ్ మోనే. మంచు మీద వెలుగు ఎలా పడుతుందో చూడటానికే ఆయన ఆ చలిలో నిలబడ్డారు.

1840 నవంబర్ 14న పారిస్‌లో పుట్టిన మోనే, పెరిగింది మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న లె హావ్ర్‌లో. బొమ్మ గదిలో కాదు, ఆరుబయటే వేయాలన్న పాఠం అక్కడే యూజీన్ బుడాన్ అనే చిత్రకారుడి దగ్గర నేర్చుకున్నారు. 1868-69 చలికాలంలో భార్య కాబోయే కామీ, పసివాడైన కొడుకు జాన్‌తో కలిసి ఎత్రెతాలో ఉన్నప్పుడు వేసిందే ‘మాగ్‌పై’. చేతిలో డబ్బుల్లేవు. ఓ అభిమాని సాయంతోనే ఆ ఇల్లు దొరికింది.

ఇంతకీ ఆ బొమ్మలో ఏముంది? పెద్దగా ఏమీ లేదు. మంచు కప్పేసిన తడికల కంచె, ఓ కర్ర గేటు, దాని మీద నలుపు తెలుపు పిట్ట ఒకటి. అంతే. కానీ కంచె నీడ చూస్తే మాత్రం కళ్లు ఆగిపోతాయి. అది నల్లగానో బూడిదరంగులోనో లేదు.. నీలంగా ఉంది! మంచు అంటే తెలుపు అనుకుంటాం కదా. నిజానికి ఎండ పడిన చోట కాస్త పసుపు, గులాబీ ఛాయ, నీడలో ఆకాశపు నీలం ఉంటాయి. మోనే కంటికి కనిపించిందే వేశారు. 1869లో పారిస్ అధికారిక ప్రదర్శన ‘సాలోన్’ ఆ బొమ్మను తిప్పి పంపేసింది. అక్కడి జ్యూరీకి కుంచె గీతలు కనిపించకుండా నున్నగా తీర్చిదిద్దితేనే బొమ్మ పూర్తయినట్టు లెక్క.

తడి ఆరేలోపు మంచు కరిగిపోతుంది

ఆయిల్ రంగులతో మంచు వేయడంలో ఓ చిక్కుంది. సీసం తెలుపు ఇంకా తడిగా ఉండగానే దాని మీద నీలం ఎక్కువగా రుద్దితే రెండూ కలిసి బురదలా తయారవుతాయి. ఆరేదాకా ఆగుదామంటే రోజులు పడుతుంది, చలిలో ఇంకా ఎక్కువ. ఆలోగా ఎదురుగా ఉన్న మంచు కరిగిపోతుంది, లేదంటే ఎండ దిశ మారిపోతుంది. అంటే ఏదో ఒక చోట చెయ్యి ఆపక తప్పదు. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. మోనే కొన్నిసార్లు ఇంటికి తెచ్చి సరిదిద్దేవారు. తనకసలు స్టూడియోనే లేదని మాత్రం విలేకరుల దగ్గర గొప్పగా చెప్పుకునేవారు!

1874 ఏప్రిల్‌లో మోనే, ఆయన మిత్రులు సొంతంగా పెట్టుకున్న ప్రదర్శనపైనా విమర్శకులది అదే మాట. గోడకు అంటించే కాగితానికి కూడా ఇంతకంటే ఫినిషింగ్ ఉంటుందని ఒకాయన ఎగతాళి చేశారు. ఇంప్రెషనిస్టులు అన్న పేరు ఆ వెక్కిరింతలోంచి వచ్చిందే. మోనే తగ్గలేదు. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో ఒక్క ఆర్జంతోయ్‌లోనే 18 మంచు బొమ్మలు వేశారు.

తర్వాత కష్టకాలం వచ్చింది. 1879 సెప్టెంబర్‌లో వెతోయ్ గ్రామంలో కామీ చనిపోయారు. ఆమె వయసు 32 ఏళ్లే. ఆ ఏడాది చలికి సేన్ నది గడ్డకట్టింది. జనవరిలో మంచు పగిలి పలకలుగా కొట్టుకుపోతుంటే మోనే ఒడ్డున నిలబడి బొమ్మ మీద బొమ్మ వేశారు. డబ్బు అవసరంతో మళ్లీ సాలోన్ గడప తొక్కారు. మంచు పలకల బొమ్మతో పాటు, జ్యూరీకి నచ్చేలా కాస్త నున్నగా తీర్చిన నదీతీరం బొమ్మ కూడా పంపారు. నున్నటిది తీసుకున్నారు, మంచు పలకలను వెనక్కి పంపారు. ఏది అమ్ముడుపోతుందో మోనేకు తెలియక కాదు. అయినా ఆ తర్వాత ఆయన సాలోన్‌కు బొమ్మ పంపలేదు.

1890-91లో గోధుమ కుప్పల సిరీస్‌తో ఓ దారి దొరికింది. ఒకే కాన్వాస్‌తో కుస్తీ పట్టకుండా చాలా కాన్వాసులు పక్కన పెట్టుకుని, వెలుగు మారగానే ఇంకోటి అందుకునేవారు. వాటిలో మంచు కప్పిన కుప్పలూ ఉన్నాయి. 1895లో నార్వే వెళ్లి, గడ్డం నిండా మంచు ముక్కలు వేలాడుతున్నా కోల్సాస్ కొండను పదే పదే వేశారు. అది చూస్తే జపాన్ ఫుజి పర్వతం గుర్తొచ్చిందట. రెండు నెలలున్నా తృప్తి కలగలేదు. అక్కడ ఏదైనా మంచి పని చేయాలంటే ఏడాది పాటు ఉండాలని ఇంటికి ఉత్తరం రాశారు.

ఎగతాళి చేసినవాళ్లే నయం

విచిత్రం ఏమిటంటే.. బొమ్మలు పూర్తి చేయడని జనం తిట్టిన మనిషి, పేరు, డబ్బు వచ్చాక తానే ఏ బొమ్మనూ పూర్తయిందని ఒప్పుకోలేకపోయారు. 1908లో కలువల బొమ్మల ప్రదర్శనకు అంతా సిద్ధమైంది. మోనే మాత్రం కనీసం 15 కాన్వాసులను తన చేతులతోనే ధ్వంసం చేశారు. ప్రదర్శన 1909కి వాయిదా పడింది. 1912లో కళ్లలో శుక్లాలున్నట్టు తేలింది. 1923లో ఆపరేషన్ అయ్యాక, చూపు సరిగా లేనప్పుడు వేసినవాటిని మళ్లీ దిద్దడం మొదలుపెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మర్నాడే భారీ కలువల బొమ్మలను దేశానికి ఇస్తానన్నారు. 1922లో ఒప్పందం కూడా అయింది. కానీ ఇంకా కాలేదంటూ ఇంట్లోనే ఉంచేసుకున్నారు. 1926 డిసెంబర్ 5న 86 ఏళ్ల వయసులో జివెర్నీలో కన్నుమూశాకే అవి గడప దాటాయి. 1927 మే 17న పారిస్‌లోని ఆరంజెరీలో జనం వాటిని చూశారు. వద్దన్న ‘మాగ్‌పై’ని 1984లో ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యూజియమే కొనుక్కుంది. ఇప్పుడది ఒర్సేలో ఉంది.

మోనే చాలాసార్లు బొమ్మ చేతులు మారే సమయంలోనే సంతకం పెట్టేవారు. ఆయన పోయాక ఇంట్లో సంతకం లేని కాన్వాసులు ఎన్నో మిగిలాయి. వాటి మీద వేయడానికి తండ్రి సంతకంతో చిన్న కొడుకు మిషెల్ ఓ ముద్ర చేయించారు.