రెనే లాలిక్: రెక్కలు తీర్చిన స్వర్ణకారుడు

పందొమ్మిదవ శతాబ్ది చివర పారిస్ నగరపు నగల అంగళ్ళలో వజ్రానిదే రాజ్యము. 1867లో దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడిన తరువాత అవి యూరపునకు వెల్లువగా రాసాగాయి. వాటిని ఎంత దగ్గర దగ్గరగా పొదిగితే నగ అంత గొప్పదన్న అభిప్రాయము బలపడింది. బంగారము రాళ్ళను పట్టి ఉంచే పట్టు మాత్రమే. గౌరవమంతా రాతి తూకానికి. పనివాని చేతికి కాదు. ఈ లెక్కను తలక్రిందులు చేసినవాడు ఫ్రెంచి స్వర్ణకారుడు రెనే లాలిక్.

లాలిక్ 1860 ఏప్రిల్ 6వ తేదీన షాంపేన్ ప్రాంతములోని ఆయ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. పసితనములోనే కుటుంబము పారిస్ సమీపానికి తరలిపోయినా, సెలవులు వస్తే అతడు ఆయ్‌కే చేరుకునేవాడు. ఆ ఊరి చెట్టూ చేమా, పురుగూ పుట్రా తరువాత అతని నగలలోనికి ఎక్కాయి. 1876లో తండ్రి మరణించగా, పదహారేండ్ల బాలుడు లూయీ ఓకోక్ అనే పేరుపొందిన స్వర్ణకారుని వద్ద పనికి కుదిరాడు. పగలు కొలిమి దగ్గర పని, సాయంకాలము అలంకారకళల పాఠశాలలో చిత్రలేఖనము. 1878లో ఇంగ్లండు వెళ్ళి రెండేండ్లు చదివి వచ్చాడు. ఆపై కార్టియే, బూషెరోన్ వంటి పెద్ద దుకాణాలకు నమూనాలు గీసి ఇచ్చాడు. గీత అతనిది, పేరు దుకాణానిది. 1885లో గాని స్వంత కర్మశాల చేతికి రాలేదు.

స్వంత కొలిమి దొరికిన తరువాత అతడు ఎన్నుకున్న వస్తువులను చూసి తోటి వర్తకులు విస్తుపోయి ఉంటారు. పశువుల కొమ్ము, ఏనుగుదంతము, గాజు, మబ్బుపట్టినట్లుండే ఓపల్, చంద్రకాంత శిల! వజ్రాన్ని అతడు నిషేధించలేదు. మంచుబిందువు వలె అక్కడక్కడ మాత్రమే వాడాడు. రాయి అందాన్నిబట్టి నగలో చోటు, ధరనుబట్టి కాదు. సీతాకోకచిలుకలు, కందిరీగలు, పాములు, గబ్బిలాలు అతని చేతిలో ఆభరణాలైనాయి.

అన్నిటిలోను కష్టమైనది రెక్క. కీటకపు రెక్కలో అందము రంగులో కంటె, రంగుగుండా వెలుతురు సాగిపోవడములో ఉంది. మామూలు మీనాపనిలో రంగుగాజు లోహపు రేకుమీద కూర్చుంటుంది. కాబట్టి వెలుగు దానిని దాటిపోలేదు. లాలిక్ పాతకాలపు మరొక పద్ధతిని చేపట్టాడు. సన్నని బంగారు తీగెలతో రెక్క ఈనెలను అల్లి, గళ్ళకు తాత్కాలికముగా అడుగు నిలిపి, గాజుపొడి నింపి, కొలిమిలో కరగిస్తారు. చల్లారిన తరువాత అడుగును తొలగిస్తారు. ఇక ఆ గాజుపొర తీగెల నడుమ కిటికీ అద్దము వలె నిలవాలి. వేడి కొంచెము తప్పినా బీట వేస్తుంది. పడిన శ్రమ అంతా నేలపాలు. 1920ల నాటికి ఇంగ్లండులో నిజమైన సీతాకోకచిలుక రెక్కలనే గాజు క్రింద బిగించి నగలుగా అమ్మేవారు. ఆ నీలిమ మనోహరమే కాని, అది కీటకము ఇచ్చినది. లాలిక్ రెక్కలో ప్రతి ఈనె మనిషి తీర్చినది.

ఈ నేర్పుకు పరాకాష్ఠ 1897–98 ప్రాంతములో చేసిన తూనీగ స్త్రీ. తూనీగ నోటినుండి లేతపచ్చని క్రైసోప్రేజ్ రాతితో చెక్కిన స్త్రీమూర్తి పైకి వస్తుంది. చేతులకు బదులు రెక్కలు. క్రింద బంగారు గోళ్ళు. రెక్కలకు కీళ్ళున్నాయి, కదులుతాయి. వెడల్పు 26 సెంటీమీటర్లకు పైమాటే. స్త్రీ వక్షముమీద ధరించడానికి చేసిన ఈ నగ అందమైనదా, భయంకరమైనదా అంటే రెండూననే చెప్పవలసి ఉంటుంది.

1900 పారిస్ మహాప్రదర్శనములో అతని నగల వెనుక రెక్కలుగల కాంస్య స్త్రీమూర్తుల జాలకము నిలిచింది. జనము విరగబడి చూశారు. కీర్తితోపాటు అనుకరణలూ వచ్చాయి. అగ్గువ సరకులో అతని తూనీగలు, పూలు అంగడి అంగడికీ పాకాయి. అభిరుచులు కూడ మారసాగాయి. లాలిక్ క్రమముగా నగలు విడిచి గాజువైపు తిరిగాడు. పరిమళద్రవ్యాల వర్తకుడు కోటీ కోసము సీసాలు రూపొందించాడు. 1921లో అల్సేస్‌లోని వింగెన్‌లో పెద్ద గాజు కర్మాగారము స్థాపించాడు. ఒక్కరికోసము ఒక్కటే చేసిన చేయి, ఇప్పుడు అచ్చుపోసి వేలకొలది చేయించింది. స్వర్ణకారుని దృష్టితో చూస్తే ఇది నష్టమే. కాని అతని అందము సామాన్యుల బల్లమీదికి చేరింది ఆ సీసాలతోనే.

రెండవ ప్రపంచయుద్ధములో జర్మనులు అల్సేస్‌ను ఆక్రమించగా వింగెన్ కర్మాగారము అతని చేయి జారిపోయింది. అది మరల వెలగకముందే, 1945 మే నెలలో, పారిస్‌లో లాలిక్ మరణించాడు. కుమారుడు మార్క్ ఆ పని అందుకున్నాడు. తూనీగ స్త్రీ అప్పటికే చమురు వ్యాపారి గుల్‌బెంకియాన్ వద్ద ఉంది. లాలిక్ కృతులను నూరుకు పైగా నేరుగా అతనినుండే కొన్న రసికుడాయన. 1969లో లిస్బన్‌లో ఆయన పేరిట తెరచిన ప్రదర్శనశాలకు ఆ రెక్కలు చేరాయి.