గోల్కొండ అమ్మగారు

హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ స్టాపులో దిగేవాళ్ళు, విజయవాడ బస్సులో హయత్‌నగర్ దాటేవాళ్ళు రోజూ వేలమంది. ఈ రెండు పేర్ల వెనకా ఒక ఆడమనిషి ఉందని మనలో ఎంతమందికి తెలుసు? ఆమె హయాత్ బక్షీ బేగం. జనం మా సాహెబా, అంటే అమ్మగారు, అని పిలిచేవారు. మా సాహెబా చెరువే నోళ్ళలో నలిగి మాసాబ్ ట్యాంక్ అయిందంటారు. కాదు, ఆ చెరువు ఆమె అత్తగారు ఖానుం ఆగాది అనేవాళ్ళూ ఉన్నారు. అత్తాకోడళ్ళ ఈ పేచీ మనం తీర్చలేం గానీ, హయత్‌నగర్ మాత్రం కోడలిదే.

చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురామె. తల్లి భాగమతి అని కథ చెబుతారు, చరిత్రకారులందరూ ఒప్పుకోరు. మగపిల్లలు లేని ఆయన తన తమ్ముడి కొడుక్కే పిల్లనిచ్చాడు. మనకైతే అన్నాచెల్లెళ్ళ వరస, వాళ్ళలో మామూలే. 1612లో తండ్రి పోగానే భర్త సుల్తాన్ మహమ్మద్ గద్దెక్కాడు. మక్కా మసీదు మొదలుపెట్టింది ఈయనే. అది పూర్తికాకుండానే 1626లో కన్నుమూశాడు. కొడుకు అబ్దుల్లాకి అప్పటికి 12 ఏళ్ళు.

అప్పట్నుంచీ పేరు కొడుకుది, ఆలోచన తల్లిది. మచిలీపట్నం రేవుకి పోయే బాటమీద ఆమె పేరున వెలిసిన ఊళ్ళో మసీదు, బాటసారులకి సరాయి, ఏనుగులతో నీళ్ళు తోడించేంత పెద్ద బావి ఉన్నాయి. ఒకసారి మదమెక్కిన ఏనుగు అబ్దుల్లాని అడవిలోకి ఎత్తుకుపోతే, బిడ్డ తిరిగొస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుందట. పిల్లాడికి జ్వరమొస్తే ముడుపు కట్టే తల్లులకి ఈ కథ కొత్తగా అనిపించదు.

అసలు పరీక్ష 1656లో వచ్చింది. వజీరు మీర్ జుమ్లాకీ సుల్తానుకీ చెడింది. వజీరు మొగలుల పంచన చేరాడు. అదే సాకుగా ఔరంగజేబు సైన్యం హైదరాబాదుని దోచుకుని గోల్కొండ కోటని ముట్టడించింది. అబ్దుల్లా కోటలో దాక్కున్నాడు. నలభై దాటిన కొడుకు లోపల కూర్చుంటే, పెద్దవయసులో ఆ తల్లి శత్రువుల డేరాలకి వెళ్ళింది. ఔరంగజేబుతో తనే మాట్లాడింది. కోటి రూపాయలు ఇవ్వడానికీ, మనవరాలిని ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్ళి చెయ్యడానికీ ఒప్పుకుంది. ముట్టడి ఆపమని షాజహాను నుంచి హుకుం కూడా వచ్చింది కాబట్టి ఘనతంతా ఆమెదే అనలేం. అయినా కోట దక్కింది, కొడుకు గద్దె దక్కింది.

మరి ఆ మనవరాలు? సంధిని మెచ్చుకుంటూ రాసేవాళ్ళు ఆ పిల్ల దగ్గర ఆగరు. పెళ్ళైతే జరిగింది. మూడేళ్ళకే ఆ పెళ్ళికొడుకు పెదనాన్న షుజా పక్షాన చేరి, ఆయన కూతుర్నీ కట్టుకుని, చివరికి కన్నతండ్రికే ఖైదీ అయ్యాడు. అమ్మమ్మలకీ నానమ్మలకీ ఇలాంటి బేరాలు ఎంత భారమో ఏ దస్తావేజులోనూ ఉండదు. నాకు మాత్రం కోటి రూపాయలకంటే ఇదే పెద్ద వెల అనిపిస్తుంది.

1667లో ఆమె కన్నుమూసింది. కొడుకు ఇంకో అయిదేళ్ళు బతికాడు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూడబోతే, రాజుల గుమ్మటాలకి ఏమాత్రం తీసిపోకుండా ఒక రాణి గుమ్మటం కనిపిస్తుంది. పక్కనే పెద్ద మసీదు. అదే అమ్మగారిది.